నాలుగు పేజీలు, మూడు వరుసలు

ఆ శుక్రవారం ఉదయం భార్గవన్ మాష్ పెట్టుకున్న పనులు మూడే. బోర్డు మీద వేయాల్సిన నాలుగు మాటలు తేల్చడం, ఆ కాగితాన్ని ఫ్లెక్సులు అచ్చువేసే షాజికి అందజేయడం, తొమ్మిదింటి బస్సెక్కి వయనాడు కొండల్లో ఉన్న బావమరిది కణారన్ ఇంటికి వెళ్ళడం. అక్కడ మాష్ భార్య దేవయాని టీచర్ పుస్తకాల పెట్టె ఒకటి మిగిలిపోయింది. ఆదివారం ఉదయం పదింటికల్లా దాన్ని తమ ఊరు పుళక్కరలోని వాయనశాలకు, అంటే గ్రంథాలయానికి, చేర్చాలి.

ముప్ఫై మూడేళ్ళు మాష్‌గా, అంటే బడి పంతులుగా, పిల్లల వ్యాసాల్లోని అనవసరపు మాటలను ఎర్ర సిరాతో కొట్టివేసిన మనిషికి నాలుగు మాటలు తేల్చడం ఒక పని కాదు. పుళక్కరలో నలభై దాటిన వాళ్ళలో ఆయన ఎర్ర గీత పడనివారు లేరు. తన పెళ్ళి శుభలేఖను కూడా ఆయన మూడు వరుసల్లో ముగించాడు. "మీ ఉత్తరం కంటే కవరు బరువెక్కువ" అని టీచర్ ఎగతాళి చేసేది. ఆమెది వేరే దారి. ఒక్క కథ చెప్పడానికి నాలుగు శనివారాలు తీసుకునేది.

టీచర్ పోయి పది నెలలైంది. ఆమె పిల్లలకు చదివి వినిపించిన పుస్తకాలు మూడువందల పన్నెండు. వాటిని వాయనశాల తూర్పు గదిలో పెట్టి, దానికి ఆమె పేరు పెట్టాలని మాష్ అర్జీ ఇచ్చాడు. ఆ గదిలో క్యారమ్ బోర్డులున్నాయి. ప్రెసిడెంటు కురుప్పు రోజూ సాయంత్రం అక్కడే ఆడతాడు. గది ఎవరిదో సర్వసభ్య సమావేశం తేల్చాలి; దానికి కనీసం నలభై ఒక్కమంది రావాలి. మొదటిసారి పదకొండుమంది వచ్చారు. రెండోసారి తొమ్మిదిమంది, అందులో ఇద్దరు వాన పడుతోందని లోపలికొచ్చినవాళ్ళు. మూడోది ఈ ఆదివారం పదింటికి; అప్పుడూ రాకపోతే కమిటీయే తేల్చుకుంటుంది. కమిటీ అంటే కురుప్పు. కురుప్పు అంటే క్యారమ్స్.

అందుకే కూడలిలో బోర్డు పెట్టి జనాన్ని రప్పించాలనుకున్నారు. మాష్ నాలుగు పేజీలు రాశాడు. వాయనశాల సెక్రటరీ రజాక్ వాటిని తిరగేసి తల గోక్కున్నాడు.

"మాష్, ఇది బస్సులో పోతూ చదివే బోర్డు. ఎనిమిది లైన్లు దాటితే కొబ్బరిచెట్టు అడ్డమొస్తది."

"ఎనిమిదెందుకు? నాలుగు చాలు."

"ఫొటో కూడా ఉండాల. ఫొటో లేని బోర్డుని మనూళ్ళో ఎవడూ చూడడు."

శుక్రవారం ఉదయం బియ్యప్పిండి పుట్టు, శనగల కూర పక్కన పెట్టుకుని మాష్ దిద్దడానికి కూర్చున్నాడు. ముందు అందంగా ఉన్న వాక్యాలన్నీ తీసేశాడు. అందం అర్థానికి అడ్డు. ఒక పేజీ మిగిలింది. "సవినయంగా మనవి చేయునది ఏమనగా" తీసేశాడు. వినయం ఉన్నవాడు చెప్పుకోడు. "సర్వసభ్య సమావేశం" తీసేశాడు; ఆ మాట చూసే రెండుసార్లు జనం రాలేదు. "తప్పక విచ్చేయండి" దగ్గర కొంచెం ఆలోచించాడు. బోర్డు పెట్టేదే రమ్మని కదా, మళ్ళీ చెప్పడమెందుకని అదీ కొట్టేశాడు.

చివరికి ఒక పేరు దగ్గర కలం ఆగింది. టీ చల్లారింది. కాసేపటికి "అందరికీ తెలిసిందే" అని పైకే అనుకుని, దేవయాని టీచర్ పేరు మీద కూడా గీత గీశాడు. ఆ గీత మిగతా వాటిలా తిన్నగా రాలేదు.

ఇక మిగిలింది మూడు వరుసలు.

భార్గవన్ మాష్
ఆదివారం ఉదయం 10 గంటలు
వాయనశాల ప్రాంగణం

ఇంతకంటే స్పష్టంగా ఎవరూ రాయలేరని ఆయనకు అనిపించింది. ఎవరు పిలుస్తున్నారు, ఎప్పుడు, ఎక్కడ. ఫొటో కోసం బీరువా తెరిచాడు. టీచర్ ఫొటో ఉన్న కవరు పైనే ఉంది. దాన్ని తెరవలేదు. కింద తన ఫొటో ఒకటి దొరికింది. పింఛను కోసం ఏటా ట్రెజరీలో ఇచ్చే జీవన ధ్రువపత్రానికి, అంటే తాను బతికే ఉన్నానని చూపించడానికి, తీయించుకున్నది. అందులో ఆయన ఆ సంగతిని అంతగా నమ్ముతున్నట్టు కనిపించడు.

షాజి దుకాణం ఇంకా తెరవలేదు. కాగితం, ఫొటో కవరులో పెట్టి షట్టరు కిందినుంచి లోపలికి తోసి, మాష్ బస్సెక్కాడు. కొండల్లో ఆయన ఫోను పనిచేయదు. పనిచేసే చోట కూడా ఆయన దాన్ని పెద్దగా పనిచేయనివ్వడు.

పదింటికి షాజి షట్టరెత్తాడు. కవరు విప్పాడు. ఫొటో, పేరు, వేళ, చోటు. ఇంకేం లేదు. కాగితాన్ని వెనక్కి తిప్పి చూశాడు.

పుళక్కరలో బతికున్నవాళ్ళ బోర్డుకు ఏదో ఒక మాట ఉంటుంది. అభినందనలని, స్వాగతమని, గెలిపించండని. ఏ మాటా లేకుండా ఫొటో కింద వేళ, అదీ వాయనశాల ప్రాంగణంలో అంటే ఒకటే. ఊరు గౌరవించే మనిషి పోతే కడసారి చూపు కోసం ఆ ప్రాంగణంలోనే ఉంచుతారు. ఆ విడివిడి అక్షరాలు ఎవరివో షాజి పోల్చుకోలేదు. ఎర్ర సిరాలో ఉంటే పోల్చుకునేవాడేమో.

"పాపం, రాసినవాళ్ళు ఏ బాధలో ఉన్నారో, అసలు మాటే మర్చిపోయారు" అనుకుని, కళ్ళు తుడుచుకుని, ఫొటో పైన "ఆదరాంజలి" అని, పోయినవాళ్ళకు వేసే మాటను, పెద్ద అక్షరాల్లో చేర్చాడు. అటొకటి ఇటొకటి దీపం పెట్టాడు. చుట్టూ నల్లటి అంచు వేశాడు. మాష్ రాతలో ఒక మాట ఎక్కువ చేయడం అతని జీవితంలో అదే మొదటిసారి. శనివారం ఉదయానికి మూడు బోర్డులు మూడు కూడళ్ళలో లేచాయి, నాలుగోది వాయనశాల గేటుకు ఎక్కింది.

చేపల సంతకు వెళ్తూ రజాక్ మొదటి బోర్డు చూశాడు. సైకిలు దిగాడు. సమావేశం వేళనే కడసారి చూపుకు మార్చి కురుప్పు పెట్టించిన బోర్డనుకున్నాడు. అదే వేళకు రెండో కూడలిలో కురుప్పు, ఇది రజాక్ పని అనుకున్నాడు. తనకు తెలియకముందే అవతలివాడికి తెలిసిందన్న సంగతి ఇద్దరికీ కొంచెం గుచ్చుకుంది. ఒక చావు కబురు ఆలస్యంగా తెలియడం పుళక్కరలో చిన్న అవమానం కాదు. అందుకని ఎదురుపడినప్పుడు ఒకరినొకరు ఏమీ అడగలేదు.

"చూసినావు గదా" అన్నాడు కురుప్పు.

"చూడకేం. నాకు ముందే తెలుసు" అన్నాడు రజాక్.

"నాకు అంతకంటే ముందే తెలుసు."

మాష్ ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. అంటే ఆస్పత్రిలో ఉంచారు, రేపు పదింటికి నేరుగా వాయనశాలకే తెస్తారు. దీనికి ఎవరూ వేరే సాక్ష్యం అడగలేదు. రజాక్ మాత్రం కొండల్లో ఉన్న కణారన్ ఇంటి లాండ్‌ఫోనుకు చేశాడు. కణారన్ మిరియాల తోటల మనిషి. మాటను మిరియపు గింజంత పొదుపుగా వాడతాడు.

"కణారేట్టా, నేను రజాకుని. బోర్డు చూసినా."

"చూశావా? మంచిది."

"ఇంత అకస్మాత్తుగానా?"

"అకస్మాత్తేముంది? పది నెలలుగా ఇదే ఆలోచన గదా ఆయనకి."

రజాక్ ముక్కు చీదుకున్నాడు. "మేమేం చెయ్యాల?"

"పొద్దున ఆరింటికి జీపులో బయల్దేరతాం. పెట్టె బరువుగా ఉంది. దించడానికి నలుగురిని పెట్టు."

అవతల వెక్కిళ్ళు వినిపించి కణారన్ కాస్త తికమకపడ్డాడు. ఫోను పెట్టేసి, అరుగు మీద కూర్చుని పుస్తకాల అట్టలు తుడుస్తున్న మాష్‌తో అన్నాడు: "బావా, మీ సెక్రటరీ ఏడుస్తున్నాడు."

మాష్ తలెత్తలేదు. "బోర్డు చదివుంటాడు. మాటలు తగ్గేకొద్దీ బరువు పెరుగుతుంది. ఈ ముక్క మీ అక్కకు ఎన్నిసార్లు చెప్పానో."

మధ్యాహ్నానికి ఊరు కదిలింది. మైకు కట్టిన జీపు తిరిగింది. అందులోని మనిషి కూడలి దగ్గర మొదలుపెట్టిన వాక్యం వంతెన దాటినా పూర్తి కాలేదు. రెండు పార్టీలవాళ్ళూ పూలచక్రాలు పురమాయించారు. ఒకరిది మూడడుగులని తెలిసి రెండోవాళ్ళు మూడున్నర చెప్పారు. ఆదివారం పది నుంచి పదకొండు దాకా దుకాణాలు మూసేయాలని వర్తకులు తీర్మానించారు.

అందరికంటే ఎక్కువ కుమిలిపోయింది కురుప్పు. ఆఖరి రోజుల్లో ఆ మనిషితో గది కోసం గొడవపడ్డాడు. సాయంత్రం తన క్యారమ్ జట్టును పిలిచి, "మాష్‌ని తూర్పు గదిలోనే ఉంచుదాం. ఆ గది కోసమే గదరా ఆయన తపించింది" అన్నాడు. బోర్డులు, స్టాండ్లు, పౌడరు డబ్బాలు అన్నీ తనే దగ్గరుండి మోయించి తన ఇంటి పశువుల పాకలో పెట్టించాడు. గది కడిగించాడు. ముంగిట పందిరి వేయించి మూడొందల కుర్చీలు తెప్పించాడు. సంతాపం తెలిపేవాళ్ళు సంతకం పెట్టడానికి పుస్తకం కావాలన్నారు. ఆ వేళప్పుడు కొత్తది దొరక్క రజాక్ బీరువాలోంచి సమావేశాల మినిట్స్ పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

ఆదివారం పదికి పది నిమిషాలుందనగా జీపు కాలువ గట్టు మీద వాయనశాల వెనక వైపుకు చేరింది. ముందుకు వెళ్ళడానికి దారి లేదు, అంతా జనం. మాష్ జీపు దిగి ఆ జనాన్ని చూశాడు. పది నెలల తర్వాత ఆయన ముఖంలో సంతోషం లాంటిది కనిపించింది.

"చూశావా కణారా? మూడే వరుసలు!"

కణారన్ పెట్టెకు కాపలా ఉన్నాడు. మాష్ వెనక గేటులోంచి వచ్చి చివరి వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. పక్కన పాత్తుమ్మ ఉంది. ముప్ఫై ఏళ్ళు ఆయన గుమ్మంలో చేపలమ్మిన మనిషి. రెండు రోజుల కిందటే కంటికి ఆపరేషన్ అయి కళ్ళ మీద ఆకుపచ్చ అట్ట కట్టుకుని ఉంది.

"ఎవరదీ?"

"నేనే."

"కూర్చో. కట్టన్ చాయ వస్తదంట, పాలు లేనిది."

"చాలామంది వచ్చారు."

"రారా మరి? మంచోడు. కానీ మాట మాత్రం పిసినారి. ఉందా? ఎంత? ఇయ్యి. అంతే. ఆ టీచరమ్మ అట్టా కాదు. ఆమె వచ్చి నిలబడితే చేప కంపు కొట్టేదాకా కబుర్లే."

ఆమె చెబుతున్నది ఎవరి సంగతో మాష్‌కు తట్టలేదు. కానీ ఆ మనిషి పద్ధతి ఆయనకు నచ్చింది.

వేదిక మీద కురుప్పు మైకు అందుకున్నాడు. సమావేశం ముందుగానే మొదలుపెట్టారు కాబోలు అనుకుని మాష్ చెవి అటు పెట్టాడు.

"అపారమైన, అనంతమైన, అంతులేని విజ్ఞానానికి నిలయమైన ఆ మహనీయుడు, మనందరికీ అక్షరభిక్ష పెట్టి, విద్యాదానం చేసి, చదువు నేర్పిన ఆ గురువర్యుడు..."

మాష్ చెయ్యి తనంతట తానే జేబులోని ఎర్ర కలం మీదికి పోయింది. కుర్చీ మీద దొరికిన పత్రిక అంచున ఆ మాటలు రాసుకుని, ఒక్కో మాటా కొట్టేస్తూ వచ్చాడు. మూడో వాక్యానికి ఇక ఉండబట్టలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"కురుప్పూ! అపారం, అనంతం, అంతులేనిది, మూడూ ఒకటే. ఒకటి ఉంచి రెండు తీసెయ్."

"సరే మాష్" అన్నాడు కురుప్పు అలవాటుగా. "అపారమైన విజ్ఞానానికి నిలయమైన ఆ..."

అక్కడ ఆగాడు. నోరు తెరిచినట్టే ఉంది. మూడొందల కుర్చీలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. ముందు వరుసలో ఎవరి చేతిలోదో మూడున్నర అడుగుల పూలచక్రం జారి చక్రంలాగే కొంతదూరం దొర్లింది.

పాత్తుమ్మ చేయి చాచి మాష్ మోచేతి దగ్గర గట్టిగా గిల్లింది. ఆయన "అబ్బా" అన్నాడు.

"బతికే ఉండాడు!" అని అరిచింది. "ఓ మాషే, చచ్చినోడివి చచ్చినట్టుండక పక్కన కూచుని నాతో నీ మీదే చెప్పిస్తావా?"

తర్వాత కొంతసేపు ఎవరు ఏడుస్తున్నారో ఎవరు తిడుతున్నారో తెలియలేదు. రజాక్ రెండూ చేస్తున్నాడు. గేటుకు కట్టిన బోర్డును మాష్ అప్పుడు చూశాడు. దీపాలను, నల్ల అంచును చూశాడు. తన మూడు వరుసలనూ అక్షరం తప్పు లేకుండా చూశాడు.

"ఆ పై మాట ఎవరు చేర్చారు?"

షాజి ముందుకొచ్చి, బడిలో నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేనే మాష్. మీరు రాసిన దాంట్లో పనే లేదు. వస్తున్నాడని లేదు, మాట్లాడతాడని లేదు. ఏ పనీ చెయ్యని మనిషి ఫొటో, దాని కింద టైము. నేనేమనుకోవాల?"

"రాజకీయ నాయకుడనుకోవచ్చుగా" అన్నారెవరో వెనకనుంచి.

ఆ నవ్వులో షాజి గొంతు తగ్గించాడు. "టీచర్ పేరొక్కటి ఉన్నా నాకు తెలిసిపోయేది మాష్. పుస్తకాల సంగతని. ఆమె పేరెందుకు తీసేసినారు?"

"చోటు చాలక" అన్నాడు మాష్.

బోర్డు ఎనిమిదడుగులు. మూడు వరుసలు పోగా మిగిలిన తెల్లటి చోటంతా అందరికీ కనిపిస్తూనే ఉంది.

ఈలోగా కురుప్పు తేరుకున్నాడు. "సరే, అందరూ ఇళ్ళకి పోండి. సంతాప సభ రద్దు. ఒరే, ఆ క్యారమ్ బోర్డులు పట్టుకురండ్రా."

"ఆగండి ప్రెసిడెంటుగారూ" అన్నాడు రజాక్, మినిట్స్ పుస్తకం గుండెకు హత్తుకుని. "ఈరోజు పదింటికి సర్వసభ్య సమావేశమని నోటీసిచ్చింది మీరే. ఇప్పుడు పదిన్నర. సంతకాలు నూట అరవై మూడు. అందులో సభ్యులవి తొంభై ఎనిమిది. మొదటి సంతకం మీది."

"అది సంతాపానికి పెట్టినది!"

"మినిట్స్ బుక్‌లో అట్లా లేదు. పేరు, తేదీ, సంతకం. అంతే ఉంది."

"గదిని కడిగించింది కూడా నువ్వేనాయె" అని పాత్తుమ్మ అందుకుంది. "ఆయన గది కోసం తపించాడని నిన్న నీ జట్టు ముందర ఏడ్చినావు. చస్తే ఇచ్చే గది బతికుంటే ఇయ్యవా?"

కురుప్పు తన జట్టు వైపు చూశాడు. జట్టు నేల వైపు చూసింది. వాళ్ళలో సగం మంది టీచర్ దగ్గర శనివారాలు కూర్చున్నవాళ్ళే.

"నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు కురుప్పు కుర్చీలో కూలబడి. "కానీ పద్ధతంటూ ఒకటుంది. అర్జీ పెట్టినవాళ్ళు కారణం చెప్పాల. అట్టా ఎందుకివ్వాలో చెప్పండి. మూడు లైన్లలో కుదరదు మాష్, అందరికీ అర్థమయ్యేట్టు చెప్పండి."

మాష్ వేదిక ఎక్కాడు. జేబులోంచి మడిచిన కాగితాలు తీశాడు. కొట్టేసిన నాలుగు పేజీలు. పారేయాలనుకున్నాడు కానీ రెండు రోజులుగా జేబులోనే ఉన్నాయి. ఎర్ర గీతల కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆయన ఆ గీతలను లెక్కచేయకుండా మొదటినుంచీ చదివాడు.

అందంగా ఉన్న వాక్యాలన్నీ చదివాడు. దేవయాని టీచర్ ముసలి ఏనుగు గొంతుతో చదివితే వరండాలో పిల్లలు ఎలా వెనక్కి జరిగేవారో చదివాడు. చివరి పేజీ లేని పుస్తకానికి ఆమె ప్రతి ఏడూ కొత్త ముగింపు కట్టి చెప్పేదని చదివాడు. కథ మధ్యలో పుస్తకం మూసి, 'తర్వాత ఏమవుతుంది?' అని అడిగేదని, ఆస్పత్రిలో కూడా ఒక రాత్రి తనను అలాగే అడిగిందని చదివాడు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు.

పందిరి కింద కుర్చీలు ముందుకు జరిగాయి.

"తర్వాత, మాష్?" అన్నాడు కురుప్పు. అతని గొంతు పదేళ్ళ పిల్లాడి గొంతులా ఉంది.

"తర్వాత?" అన్నాడు షాజి. వెనక వరుసల్లోంచి ఇంకొందరు అన్నారు.

మాష్ కళ్ళజోడు తుడుచుకుని తర్వాతి వాక్యం చదివాడు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. కట్టన్ చాయ చల్లారిపోయింది. దుకాణాలు పదకొండుకు తెరుస్తామన్నవాళ్ళు పన్నెండు దాకా తెరవలేదు. తీర్మానానికి చేతులెత్తమంటే సభ్యులు కానివాళ్ళు కూడా ఎత్తారు. పెట్టె దించడానికి రజాక్ ఏర్పాటు చేసిన నలుగురూ తెల్లబట్టల్లో సిద్ధంగా ఉన్నారు కాబట్టి, టీచర్ పుస్తకాలు చాలా మర్యాదగా తూర్పు గదిలోకి చేరాయి. రెండు పార్టీల పూలచక్రాలు గది తలుపుకు అటూ ఇటూ వేలాడాయి. ఒకటి అరడుగు పెద్దది.

షాజి కూడళ్ళలో బోర్డులు మార్చాడు. కొత్తదాంట్లో టీచర్ ఫొటో ఉంది. దాని కింద తొమ్మిది వరుసలు. చివరి వరుసకు కొబ్బరిచెట్టు అడ్డమొస్తుందని రజాక్ అంటే, బస్సు దిగి చదువుతారులే అన్నాడు మాష్.

నవంబరులో ఆయన జీవన ధ్రువపత్రం ఇవ్వడానికి ట్రెజరీకి వెళ్ళాడు. గుమాస్తా పుళక్కర మీదుగా రోజూ బస్సులో వచ్చేవాడు. ఫొటోను, మనిషిని మార్చి మార్చి చూసి, "ఈ ఫొటో నేను వేరే చోట చూసినా సార్. ఫొటో ఒక్కటి చాలదు. బతికే ఉన్నారని మీ మాటల్లో రాసివ్వండి" అన్నాడు.

మాష్ రెండు పేజీలు రాసిచ్చాడు. ఒక్క మాట కూడా కొట్టివేయలేదు.